నూయి త్రవ్వువాని కూలి

1945 మే 1వ తేదీన ‘న్యూయార్కు టైమ్సు’ పత్రికలో ఒక చిన్న ప్రకటన వెలువడెను. మల్టిపుల్ స్క్లెరోసిస్ అను వ్యాధినుండి కోలుకొన్నవారెవరైన ఉన్నయెడల తమ సంగతి తెలుపవలసినదని అందలి కోరిక. దానిని వేయించినది సిల్వియా లారీ అను యువతి. ఆ వ్యాధితో బాధపడుచున్నవాడు ఆమె సోదరుడు.

50కి మించి జాబులు వచ్చెను. కాని వ్రాసినవారిలో పలువురు ఆమెవలెనే ఆశతో వెదకుచున్నవారు. నయమగు మార్గము తెలిసినచో తమకును చెప్పుమనిరి!

ఈ వ్యాధి యెట్టిది? విద్యుత్తు తీగకు రబ్బరు తొడుగు ఉన్నట్లే మెదడు, వెన్నుపాములలోని నరములకు మయిలిన్ అను పొర ఉండును. దేహమును కాపాడవలసిన రక్షణశక్తియే, కంచె చేను మేసిన చందమున, ఆ పొరను పాడుచేయును. చూపు మసకబారును, అడుగు తడబడును. సాధారణముగ ఇది 20, 40 ఏండ్ల నడుమ, సంసారభారము మోయవలసిన వయసుననే పొడచూపును. 1868లో పారిస్ నగరమున షార్కో అను వైద్యుడు దీని స్వరూపమును వివరించెను. అప్పటికి 77 ఏండ్లు గడచినను మందు లేదు.

లేని మందు వెదకిన దొరకదు, కనిపెట్టవలెను. కనిపెట్టుటకు ధనము కావలెను. అందులకై సిల్వియా 1946లో ఒక సంఘమును స్థాపించెను. మరుసటి యేడు ఆ సంఘము తన తొలి ధనసహాయమును ఎల్విన్ కాబట్ అను శాస్త్రజ్ఞునకు ఒసగెను. మెదడును, వెన్నుపామును చుట్టియుండు ద్రవములోని ప్రతిరక్షకములను ఆయన శోధించెను. ఆ సొమ్ముతో మందు పుట్టలేదు. అయినను ఆ ద్రవమును పరీక్షించుట వ్యాధినిర్ణయమునకు నేటికిని తోడ్పడుచున్నది.

నూయి త్రవ్వించువాడు నీరు పడకమునుపే కూలి ఇచ్చుకొనవలెను. బండ అడ్డువచ్చిన దినమునకును కూలి కలదు. పరిశోధనయు అట్టిదే. వ్యాధిగతిని మార్చు మొదటి మందు, ఇంటర్ఫెరాన్ బీటా, అమెరికాలో అనుమతి పొందినది 1993లో. ఆదినుండియు ఎడతెగక ముదురు రకమునకు మొదటి మందు, ఒక్రెలిజుమాబ్, అనుమతి పొందినది 2017లో. తొలి విరాళములిచ్చినవారిలో ఎందఱు ఆ దినములను చూచిరో!

సిల్వియా 2001లో కన్నుమూసెను. 2020 నాటి లెక్క ప్రకారము ప్రపంచమున సుమారు 28 లక్షలమందికి ఈ వ్యాధి కలదు. ఇప్పటి మందులు నష్టమును తగ్గించును గాని, పోయిన పొరను మరల కప్పలేవు. ఆ పనికై ప్రయోగశాలలలో త్రవ్వకము సాగుచునే ఉన్నది. కూలియు కావలసియే ఉన్నది.

విద్యార్థులారా! ఒక పరిశోధన ఫలించలేదని విన్నప్పుడు ధనము వృథాయైనదని తొందరపడి అనకుడు. ఎంత లోతు త్రవ్విరో, అడుగున ఏమి తగిలినదో ముందుగా అడుగుడు.