ఖాళీగా ఉండే మనిషికి ఇంత నీరసమెందుకు?

ఆ మధ్య కామారెడ్డిలో ఓ.పి. చూస్తుండగా, ఎల్లారెడ్డి వైపు నుంచి ఒకామె భర్తతో వచ్చింది. వయసు ముప్ఫై రెండు. ఇద్దరు పిల్లలు. నడుం నొప్పి, కళ్లు తిరగడం, నాలుగు మెట్లెక్కితే ఆయాసం.

"ఏం పని చేస్తావమ్మా?" అని అడిగాను.

ఆమె నోరు విప్పకముందే భర్త అందుకున్నాడు. "ఏం పని లేదు సార్. ఇంట్లనే ఖాళీగ ఉంటది. అయినా ఎప్పుడు జూసినా నీరసమే అంటది."

"తెల్లారి ఎన్నింటికి లేస్తావు?" అన్నాను ఆమెతోనే.

"ఐదింటికి సార్." ఆ తర్వాత ఒక్కొక్కటే చెప్పింది. వాకిలి ఊడ్చి సాన్పి చల్లడం, నీళ్లు పట్టడం, బోళ్లు తోమడం, పిల్లలకు టిఫిన్ డబ్బాలు, మంచం పట్టిన మామకు స్నానం, మందులు, బట్టలు, మళ్లీ వంట. పడుకునేసరికి పదకొండు. "మరి తినేది ఎప్పుడు?" అంటే, "అందరు తిన్నంక ఉన్నది తింట సార్" అంది.

రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 7.4 గ్రాములు. గర్భిణి కాని స్త్రీకి కనీసం 12 ఉండాలి. 8 కన్నా తగ్గితే అది తీవ్రమైన రక్తహీనత. అంతకుముందు ఆరు నెలలుగా ఆమెకు జరిగిన వైద్యమల్లా గ్లూకోజు సీసాలు, బలం సూదులు!

లెక్కలో లేని పని

మా ప్రాంతంలో బీడీలు చుట్టే ఆడవారు చాలామంది. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి ఉంటుంది కనుక, ఆమె "పని చేస్తుంది" అంటారు. వండిన అన్నానికీ, తోమిన బోళ్లకూ అలాంటి లెక్క లేదు. అందుకని ఆ పని చేసే మనిషి "ఖాళీ".

2024లో కేంద్రప్రభుత్వం జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసే ఆడవారు అందుకు రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఆ పని చేసే మగవారు వెచ్చించేది 88 నిమిషాలే. 1989లో జంషెడ్‌పూర్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో చనిపోయిన గృహిణుల నష్టపరిహారం కేసులో, 2001లో సుప్రీంకోర్టు వారి సేవకు నెలకు 3,000 రూపాయలు విలువ కట్టింది. 2001 జనాభా లెక్కలు గృహిణులను బిచ్చగాళ్లు, ఖైదీలతోపాటు ఉత్పాదక పని చేయనివారి కింద చేర్చాయని 2010లో అదే కోర్టు తప్పుపట్టింది.

డాక్టర్లం మేమూ తక్కువ తినలేదు. ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో నేనూ చీటీ మీద "వృత్తి" అన్నచోట గీత గీసి వదిలేసినవాణ్ణే. హమాలీ నడుం నొప్పి అంటే ఎంత బరువు మోస్తావని అడుగుతాను. గృహిణి అదే నొప్పి చెబితే, ఎన్ని బిందెలు మోస్తావని అడిగేవాణ్ణి కాదు. పని లేదనుకుంటే అలసట వట్టి సాకులాగే కనిపిస్తుంది. జబ్బు ముదిరేది అక్కడే.

గుర్తుపట్టడం ఎలా?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, మనదేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. నెలసరిలో రక్తం పోవడం, కాన్పుల మధ్య ఎడం లేకపోవడం, కడుపులో నులిపురుగులు, చాలీచాలని తిండి ఇందుకు ముఖ్య కారణాలు. కనురెప్ప లోపలి భాగం, గోళ్లు పాలిపోవడం, గుండెదడ, ఆయాసం, మట్టి లేదా పచ్చిబియ్యం తినాలనిపించడం దీని లక్షణాలు. నీరసానికి థైరాయిడ్, షుగర్, క్షయ కూడా కారణం కావచ్చు. రెండు వారాలకు పైగా నిద్రపట్టక, దిగులుగా, ఊరికే ఏడుపు వస్తుంటే అదీ జబ్బే, వైద్యం ఉంది. అందుచేత సొంతవైద్యం వద్దు.

ఏం చేయాలి?

అర లీటరు గ్లూకోజు సీసాలో సాధారణంగా ఉండేది 25 గ్రాముల చక్కెర. ఐదారు చెంచాలు! అందులో ఇనుము లేదు. రక్తం పట్టాలంటే డాక్టరు చెప్పిన మోతాదులో ఐరన్ మాత్రలు వాడాలి. మాత్రను నిమ్మరసంతో వేసుకుంటే బాగా ఒంటబడుతుంది. టీ, పాలు, కాల్షియం మాత్రలతో కలిపి వేసుకోకూడదు. విరేచనం నల్లగా అయితే భయపడనక్కరలేదు. రక్తం పెరిగాక కూడా మూడు నెలలు వాడితేగాని ఒంట్లో నిల్వ చేరదు. తోటకూర, మునగాకు, పప్పులు, పల్లీలు, గుడ్లు తినాలి. తినేవారైతే మాంసం, కాలేయం మరీ మంచిది.

అన్నిటికన్నా ముఖ్యమైన మందు దుకాణంలో దొరకదు. ఆమె అందరితోపాటు కూర్చుని తినాలి. కూర గిన్నె అడుగంటకముందే ఆమె కంచంలోకి రావాలి. మధ్యాహ్నం ఒక గంట నడుం వాల్చనివ్వాలి. బరువుపనుల్లో ఇంట్లో ఉన్న మగవారు, ఎదిగిన పిల్లలు పాలుపంచుకోవాలి.

మూడు నెలల తర్వాత ఆ దంపతులు మళ్లీ వచ్చారు. హిమోగ్లోబిన్ 10.9కి చేరింది. మాత్రలు ఇంకా వాడాలని చెప్పాను. "నీళ్లు ఇప్పుడు నేనే పడుతున్న సార్" అన్నాడు భర్త, కొంచెం సిగ్గుపడుతూ. ఈసారి చీటీలో వృత్తి దగ్గర గీత గీయలేదు. "ఇంటిపని" అని రాశాను.