నికెల్ నాణెం మీద మెట్లు: ముద్ర నాణ్యత, గ్రేడింగ్

అమెరికాలో ఉంటున్న బంధువులు సెలవులకు వచ్చినప్పుడు అక్కడి చిల్లర నాలుగు బిళ్ళలు పిల్లల చేతిలో పెట్టి వెళ్ళడం మన ఇళ్ళలో మామూలే. వాటిలో తెల్లగా, మన పాత రూపాయి బిళ్ళను గుర్తుకు తెచ్చే అయిదు సెంట్ల నాణెం కూడా ఉంటుంది. దాన్ని అక్కడివాళ్ళు నికెల్ అంటారు. ఈసారి దాన్ని డబ్బాలో వేసే ముందు భూతద్దం కింద పెట్టి బొరుసు వైపు చూడండి. గోపురం ఉన్న ఒక భవనం, దాని ముందు నాలుగు స్తంభాలు, వాటి కింద మెట్లు కనిపిస్తాయి. ఆ మెట్లు ఎన్నో లెక్కపెట్టండి.

మూల నమూనాలో ఉన్నవి ఆరు. మీ నాణెం మీద రెండో మూడో మాత్రమే కనిపించవచ్చు. మిగతావి ఒకదానిలో ఒకటి కలిసిపోయి, అరిగిన అరుగులా ఉంటాయి. అది చేతులు మారి అరిగిపోయినందువల్లే అనుకోకండి. టంకసాల నుంచి అప్పుడే వచ్చిన కొత్త నాణేల్లోనూ చాలా సంవత్సరాల పాటు ఇదే పరిస్థితి. అందుకే మెట్లు తెగకుండా పడిన నాణెం కోసం సేకర్తలు వేల బిళ్ళలు తిరగేస్తారు. ఎందుకిలా జరుగుతుంది, అలాంటి నాణేన్ని ఎలా గుర్తించాలి, దాని విలువను ఎవరు, ఎలా తేలుస్తారు అన్నవి ఈ పాఠంలో చూద్దాం.

నాణెం పుట్టుక

అమెరికాలో అయిదు సెంట్ల నికెల్ నాణెం 1866లో మొదలైంది. పేరు నికెల్ అయినా అందులో నికెల్ పాలు 25 శాతమే, మిగిలిన 75 శాతం రాగి. మన దేశంలో 1975 నుంచి 1991 వరకు వచ్చిన రూపాయి బిళ్ళ కూడా ఈ మిశ్రలోహమే. ప్రస్తుతం మనం మాట్లాడుకుంటున్న జెఫర్సన్ నికెల్ 1938లో వచ్చింది. బరువు 5 గ్రాములు, అడ్డుకొలత 21.21 మిల్లీమీటర్లు. బొమ్మ వైపు థామస్ జెఫర్సన్, బొరుసు వైపు వర్జీనియాలోని ఆయన ఇల్లు మాంటిచెల్లో ఉంటాయి.

దీని రూపశిల్పి జర్మనీలో పుట్టిన ఫెలిక్స్ ష్లాగ్. పోటీలో గెలిచి వెయ్యి డాలర్ల బహుమతి పొందాడు. మొదట ఆయన ఇంటిని ఒక మూల నుంచి చూసినట్టు మలిచాడు. అధికారులు అది కుదరదని, ఎదురుగా చూసినట్టు మార్చమన్నారు. అలా మార్చినప్పుడు మెట్లు నాణెం నడిమి భాగంలో, సన్నని అడ్డగీతల్లా వచ్చి కూర్చున్నాయి. మన కథంతా ఆ చోటు దగ్గరే ఉంది.

మెట్లు ఎందుకు తెగిపోతాయి?

నాణెం ముద్రించడమంటే లోహాన్ని కరిగించి పోయడం కాదు. లోహపు రేకు నుంచి గుండ్రటి బిళ్ళలు కోసి, మెత్తబడేలా కాల్చి చల్లార్చి, రెండు ఉక్కు అచ్చుల మధ్య పెట్టి ఒక్క దెబ్బ కొడతారు. ఆ క్షణంలో లోహం చిక్కని ముద్దలా పారి, అచ్చులోని పల్లాలను నింపాలి.

దీన్ని వంటింట్లోనే చూడవచ్చు. గట్టిగా కలిపిన చపాతీ పిండి ఉండను కొంచెం ఒత్తి బిళ్ళలా చేయండి. కింద ఒక సీసా మూతను బోర్లా కాకుండా, నోరు పైకి ఉండేలా పెట్టండి. దాని మీద బిళ్ళను ఉంచి, పై నుంచి దువ్వెన పళ్ళను అడ్డంగా ఆనించి మెల్లగా నొక్కండి. మూత అంచు మీద ఉన్న పిండి మీద పళ్ళ గీతలు లోతుగా పడతాయి. మూత బోలుగా ఉన్న నడుమ మాత్రం గీతలు మసకగా ఉంటాయి. అక్కడ పిండి కిందికి జారిపోతోంది కాబట్టి పైన ఒత్తిడి నిలవదు. ఇంకా బలంగా నొక్కితే మూత నిండుతుంది. అప్పుడు గాని నడిమి గీతలు తేలవు.

నికెల్ నాణెంలో జరిగేదీ ఇదే. బొమ్మ వైపు అచ్చులో జెఫర్సన్ ముఖం, భుజం లోతైన పల్లాలు. లోహం ముందు అటు పరుగెత్తుతుంది. ఆ పల్లానికి సరిగ్గా వెనక పడే మెట్లకు చాలినంత లోహం చేరదు. ముఖ్యంగా ఎడమ నుంచి మూడో స్తంభం కింద భాగం చివరగా నిండుతుంది. అందుకే మెట్లు తెగితే ఎక్కువగా అక్కడే తెగుతాయి.

మరి ఇంకా బలంగా కొట్టవచ్చు కదా అంటారేమో. రాగి-నికెల్ మిశ్రమం గట్టిది. దెబ్బ పెంచితే ఉక్కు అచ్చు త్వరగా పగులుతుంది, అరుగుతుంది. కోట్ల నాణేలు కొట్టాల్సిన టంకసాలకు అచ్చు మన్నిక ముఖ్యం. కాబట్టి దెబ్బ తగ్గించడం, అచ్చుల మధ్య ఎడం కాస్త పెంచడం, అరిగిన అచ్చునే ఇంకొన్నాళ్ళు వాడటం జరుగుతుంది. నాణెం చెల్లుబాటుకు ఇవేవీ అడ్డు కావు. మెట్లు లేకపోయినా అయిదు సెంట్లు అయిదు సెంట్లే.

తక్కువ ముద్రించినది, బాగా ముద్రపడినది

ఇక్కడ చాలామంది పొరబడతారు. రెండు నాణేలను పోల్చి చూద్దాం.

1950లో డెన్వర్ టంకసాల కొట్టిన నికెల్ నాణేలు సుమారు 26 లక్షల 30 వేలు. జెఫర్సన్ నికెల్ మామూలు నాణేల్లో ఇంత తక్కువ సంఖ్య మరొకటి లేదు. 1953లో శాన్‌ఫ్రాన్సిస్కో టంకసాల కొట్టినవి సుమారు 1 కోటి 92 లక్షలు, అంటే ఏడు రెట్లకు పైనే. మొదటిది అరుదని మనకు తోస్తుంది. కానీ ఆ సంఖ్య అప్పుడే అందరికీ తెలిసిపోయింది. జనం చుట్టల కొద్దీ కొత్త నాణేలు దాచేశారు. కనుక ఆ సంవత్సరపు కొత్త నాణేలు నేటికీ సులువుగా దొరుకుతాయి, వాటిలో మెట్లు బాగా పడినవీ ఉన్నాయి. 1953 శాన్‌ఫ్రాన్సిస్కో నాణేలను ఎవరూ పట్టించుకోలేదు. పైగా ముద్ర మసక. వాటిలో అయిదు మెట్లు తెగకుండా ఉన్నది దొరకడం అపురూపం. 1954 శాన్‌ఫ్రాన్సిస్కో నాణేనిదీ అదే దారి.

కాబట్టి టంకసాల ఎన్ని కొట్టిందన్నది ఒక లెక్క, అందులో ఎన్ని బాగా పడి, బాగా మిగిలాయన్నది ఇంకో లెక్క. రెండో లెక్క ఏ వార్షిక నివేదికలోనూ ఉండదు. నాణేలను ఒక్కొక్కటిగా చూసినవారికే తెలుస్తుంది.

ఏ టంకసాలదో తెలియాలంటే గుర్తు చూడాలి. డెన్వర్‌కు డి, శాన్‌ఫ్రాన్సిస్కోకు ఎస్. 1964 వరకు ఇది బొరుసు వైపు భవనానికి కుడి పక్కన ఉండేది. 1965 నుంచి 1967 వరకు గుర్తే లేదు. 1968 నుంచి బొమ్మ వైపు సంవత్సరం దగ్గర వేస్తున్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో నికెల్ ఆయుధాలకు అవసరమై, 1942 నుంచి 1945 వరకు 35 శాతం వెండి, 56 శాతం రాగి, 9 శాతం మాంగనీసు కలిపి కొట్టారు. వాటికి గోపురం పైన పెద్ద గుర్తు ఉంటుంది. 2006లో ష్లాగ్ తొలి శిల్పాన్ని ఆధారం చేసుకుని మాంటిచెల్లో వైపును మళ్ళీ పదునుగా తీర్చారు.

గ్రేడింగ్ అంటే ఏమిటి?

నాణెం స్థితిని 1 నుంచి 70 వరకు అంకెతో చెప్పే పద్ధతిని విలియం షెల్డన్ 1949లో అమెరికా పాత రాగి సెంట్ల కోసం ప్రతిపాదించాడు. తరువాత అది అన్ని నాణేలకూ పాకింది. 60 నుంచి 70 వరకు ఉన్నవి వాడకంలో అరగని నాణేలు. 1980ల నడుమ నుంచి పీసీజీఎస్, ఎన్‌జీసీ వంటి సంస్థలు రుసుము తీసుకుని నాణేన్ని పరీక్షించి, అసలుదో కాదో తేల్చి, అంకె వేసి, గట్టి ప్లాస్టిక్ డబ్బీలో మూసి ఇస్తున్నాయి. నికెల్ నాణెం మీద కనీసం అయిదు మెట్లు స్పష్టంగా ఉంటే ఆ అంకె పక్కన ఎఫ్‌ఎస్, అంటే ఫుల్ స్టెప్స్ అని చేరుస్తారు. ఎన్‌జీసీ అయిదు మెట్లనూ ఆరు మెట్లనూ విడివిడిగా చూపుతుంది.

ఒకటి గమనించండి. అంకె వేరు, మెట్లు వేరు. ముద్ర బాగున్నా పైన గీతలు, నొక్కులు ఉంటే అంకె తగ్గుతుంది. పైకి మచ్చ లేకుండా మెరుస్తున్నా మెట్లు కలిసిపోయి ఉంటే ఎఫ్‌ఎస్ రాదు. రెండూ కలవడమే అరుదు.

చూసే పద్ధతి

అయిదు రెట్ల నుంచి పది రెట్ల వరకు పెంచి చూపే భూతద్దం చాలు. ఒకే దీపం కింద, మెత్తని గుడ్డ పరచుకుని కూర్చోండి. నాణేన్ని అంచులతోనే పట్టుకోండి. మెల్లగా తిప్పుతూ మెట్ల మీద వెలుగు పారనివ్వండి. ప్రతి మెట్టు ఎడమ చివర నుంచి కుడి చివర వరకు ఎక్కడా అతుక్కోకుండా సాగాలి. మూడో స్తంభం కింద ఆగి చూడండి. మెట్లను అడ్డంగా కోసే గాటు ఉందేమో చూడండి. కొన్ని గాట్లు ముద్రకు ముందు బిళ్ళ మీద ఉన్నవే. దెబ్బ చాలక అవి చెరిగిపోలేదు. కొన్ని తరువాత ఇతర నాణేలు తగిలి పడినవి. ఏదైనా సరే, మెట్టు తెగితే తెగినట్టే.

ఇక చేయకూడని పని ఒకటి ఉంది. అది చేసినవారిలో నేనూ ఒకణ్ణి. 2009లో నా పాత విద్యార్థి ఒకడు అమెరికా నుంచి వస్తూ 1950 డెన్వర్ నికెల్ తెచ్చిచ్చాడు. అయిదు మెట్లు చక్కగా ఉన్నాయి. పైన పలుచగా పసుపు ఛాయ ఉంది. ఇంట్లో రాగి చెంబు తోమినట్టే చింతపండుతో తోమాను. తళతళలాడింది. మర్నాడు భూతద్దంలో చూస్తే మెట్లు ఉన్నాయి గాని, వెలుగు తిరగడం లేదు. కొత్త నాణెం మెరుపు పైపూత కాదు. ముద్రపడేటప్పుడు లోహం పారిన జాడలు, కంటికి కనబడని సన్నని చాళ్ళు, వెలుగును చక్రంలా తిప్పుతాయి. నా చింతపండులోని ఆమ్లం, నా వేళ్ళ రాపిడి ఆ చాళ్ళను కొట్టేశాయి. అలా కడిగిన నాణేలకు గ్రేడింగ్ సంస్థలు మామూలు అంకె ఇవ్వవు. దాదాపు అరవై ఏళ్ళు చెక్కుచెదరక నిలిచినదాన్ని పది నిమిషాల్లో పాడుచేశాను. అతనికి చెప్పడానికి నాకు రెండేళ్ళు పట్టింది. మీరు కడగకండి, తుడవకండి. పీవీసీ కలిసిన మెత్తని ప్లాస్టిక్ సంచుల్లోనూ పెట్టకండి. కొన్నాళ్ళకు ఆకుపచ్చ జిగురు పట్టి లోహాన్ని తింటుంది.

డబ్బు విషయంలో జాగ్రత్త

ఆ విద్యార్థే కొన్నేళ్ళ తరువాత, తానూ కూతురూ చిల్లర చుట్టలు విప్పి ఏరిన 40 నాణేలను గ్రేడింగుకు పంపమంటారా అని అడిగాడు. ఒక్కటే పంపమన్నాను. చాలా నాణేల విషయంలో గ్రేడింగ్ రుసుము, రానుపోను తపాలా ఖర్చు నాణెం ధరను మించిపోతాయి. పంపే ముందు వేసుకోవలసిన ప్రశ్న ఇది: అనుకున్న అంకె కంటే ఒకటి తక్కువ వస్తే ఈ ఖర్చు గిట్టుతుందా?

కొనేవారికి ఇంకో హెచ్చరిక. ఏ అంకెకు ఎన్ని నాణేలు వచ్చాయో గ్రేడింగ్ సంస్థలు లెక్క ప్రకటిస్తాయి. ఆ లెక్కలో మూడే ఉన్నాయంటే ప్రపంచంలో మూడే ఉన్నాయని కాదు. తక్కువ ధర నాణెం కాబట్టి ఎవరూ పంపి ఉండకపోవచ్చు. ధర పెరగగానే పెట్టెల్లోంచి మరికొన్ని బయటికి వస్తాయి. అప్పుడు ముందు కొన్నవారికి నష్టం. మరోవైపు ఒకే నాణేన్ని డబ్బీ విప్పి మళ్ళీ పంపితే రెండుసార్లు లెక్కకెక్కవచ్చు. పైగా గ్రేడు అనేది కొలబద్ద చూపిన కొలత కాదు, అనుభవజ్ఞుల అభిప్రాయం. ఒకే నాణేనికి రెండు సందర్భాల్లో రెండు అంకెలు రావడం వింత కాదు. కాబట్టి డబ్బీ మీది అంకెను చూసి కొనకండి. లోపలి నాణేన్ని చూసి, మీ కన్ను అంగీకరిస్తే కొనండి.

ఈ చూపు అలవడటానికి అమెరికా నాణేలే అక్కర్లేదు. మీ ఇంట్లోని పాత రూపాయి బిళ్ళలు పది తీయండి. సంవత్సరం కింద చిన్న నక్షత్రం ఉంటే అది హైదరాబాదు టంకసాలది. ఒకే సంవత్సరానివి పక్కపక్కన పెట్టి, ఏ గీత దేనిలో మసకబారిందో, దాని వెనక వైపు అదే చోట ఏ ఎత్తైన భాగం ఉందో చూడండి. ఆ రెండింటికీ సంబంధం మీకు కనిపించిన రోజున, ఏ డబ్బీ మీది అంకె అవసరం లేకుండానే నాణేన్ని చదవడం మీకు వచ్చినట్టే.