అడవి పందుల బెడద: అధిక వేగపు తూటా చిత్తూరు చేలకు తగునా?

చిత్తూరు, తిరుపతి జిల్లాల మెట్ట భూముల్లో వేరుశనగ ఊడలు దిగి కాయ ఊరే దశకు చేరగానే అడవి పందుల దాడులు మొదలవుతాయి. శేషాచలం కొండల అంచున ఉన్న చంద్రగిరి, ఎర్రావారిపాళెం మండలాల్లోను, కౌండిన్య అభయారణ్యానికి చేరువలోని పలమనేరు, కుప్పం ప్రాంతాల్లోను రైతులకు ఈ బెడద కొత్తది కాదు. మంద ఒక్క రాత్రి చేలోకి దిగితే మూతితో మట్టిని తిరగదవ్వి, తిన్నదానికంటె ఎక్కువ పాడుచేసి పోతుంది. ధరణి వంటి బెట్టను తట్టుకొనే రకమైనా పంది మూతిని తట్టుకొనలేదు.

ఈ పరిస్థితిలో విస్తరణ సిబ్బందికి ఎదురయ్యే ప్రశ్న ఒకటున్నది: తుపాకితో ఈ సమస్య తీరదా? విదేశాల్లో పంట చీడ జంతువుల వేటకు వాడే అధిక వేగపు తూటాల గురించి యువ రైతులు విని ఉన్నారు. ఆ తూటాల గుణాలు నిజమైనవే. అయితే అవి ఏ పరిస్థితులకు పుట్టినవో తెలిసినప్పుడే ఇక్కడికి తగునో లేదో తేల్చవచ్చును.

తూటా పుట్టుక, గుణాలు

అమెరికా పచ్చిక భూముల్లో బొరియలు తవ్వే నేల ఉడుతలు, ప్రెయిరీ డాగ్‌లు, వుడ్‌చక్‌లు పశుపోషకులకు సమస్యగా ఉండేవి. ఇవి చిన్న జంతువులు. పగటిపూట దూరం నుండి కనిపిస్తాయి, దగ్గరకు పోతే బొరియలో దూరుతాయి. వీటి కోసం వించెస్టర్ సంస్థ 1935లో .220 స్విఫ్ట్ తూటాను విడుదల చేసింది. సుమారు 3.1 గ్రాముల గుండు ఇందులో సెకనుకు దాదాపు 1,250 మీటర్ల వేగంతో వెలువడుతుంది. 1965లో రెమింగ్టన్ .22-250, 2004లో .204 రూగర్ ఇదే కోవలో మార్కెట్‌లోకి వచ్చాయి.

వీటికి మూడు ప్రధాన గుణాలున్నాయి. మొదటిది, గుండు దాదాపు సరళరేఖలో పోవడం వలన దూరాన్ని అంచనా వేయడంలో కొంత పొరపాటు జరిగినా గురి తప్పదు. రెండవది, పలుచని తొడుగు గల గుండు తగిలిన వెంటనే ముక్కలై చిన్న జంతువును తక్షణమే చంపుతుంది. నేలకు తగిలినా పగిలిపోవడం వలన ఎగిరిపడే ప్రమాదం తక్కువ. మూడవది, తుపాకి వెనుకకు తన్నే బలం స్వల్పం.

దూరం లెక్క

గాలి నిరోధాన్ని పక్కన పెట్టి లెక్కిస్తే, సెకనుకు 1,250 మీటర్ల వేగం గల గుండు 200 మీటర్లు పోయేసరికి సుమారు 12.5 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. 600 మీటర్ల వేగం గల గుండు అదే దూరంలో దాదాపు 54 సెంటీమీటర్లు దిగుతుంది. చిన్న జంతువు విషయంలో ఈ తేడాయే గెలుపు ఓటములను నిర్ణయిస్తుంది.

చిత్తూరు చేలలో పంది వచ్చేది రాత్రి. మంచె మీది కాపలాదారు టార్చి వెలుగులో జంతువును నిశ్చయంగా గుర్తించగలిగేది కొద్ది పదుల మీటర్ల దూరంలోనే. 50 మీటర్లకు పై లెక్కనే అన్వయిస్తే రెండు గుండ్ల మధ్య తేడా మూడు సెంటీమీటర్లు కూడా ఉండదు. అంటే అధిక వేగపు ముఖ్య ప్రయోజనం ఇక్కడ దాదాపు అక్కరకు రాదు.

తేలిక గుండు, బరువైన జంతువు

పెరిగిన మగ పంది బరువు వంద కిలోలు దాటవచ్చును. దాని భుజాల మీద మందమైన చర్మపు కవచం ఉంటుంది. 3.1 గ్రాముల గుండు 1,250 మీటర్ల వేగంతో మోసే శక్తి సుమారు 2,400 జౌళ్లు; 16 గ్రాముల గుండు 600 మీటర్ల వేగంతో మోసేది సుమారు 2,900 జౌళ్లు. శక్తిలో అంతరం పెద్దది కాదు. కాని ద్రవ్యవేగంలో రెండవది మొదటిదానికి దాదాపు రెండున్నర రెట్లు. పైగా పగిలిపోయే గుండు కవచం వద్దనే ముక్కలై లోతుకు పోకపోవచ్చును. గాయపడిన పంది చీకటిలో చెరకు తోటలోనో పొదలలోనో దాగి, తెల్లవారి పొలానికి వచ్చే కూలీలపైకి తిరగబడే అవకాశమున్నది.

గురి తప్పి పైకి పోయిన గుండు కిలోమీటరుకు మించి ప్రయాణించగలదు. కమతాలు చిన్నవై, పొలాల నడుమనే ఇళ్లు, పశువుల కొట్టాలు, ఇతర కాపలాదారుల మంచెలు ఉన్నచోట మట్టి గట్టు వంటి అడ్డు వెనుక లేకుండా రైఫిల్ కాల్చడం ప్రాణాపాయం.

చట్టం చెప్పేది

ఆయుధాల చట్టం, 1959 పంట రక్షణ సందర్భంలో ప్రత్యేకంగా పేర్కొన్నది మందు కూరి పేల్చే తుపాకిని, అది చాలదని తేలినప్పుడు నునుపు గొట్టం గల ఇతర తుపాకిని. రైఫిల్‌కు లైసెన్సు వేరుగా, తగిన కారణం చూపి పొందవలసి ఉంటుంది. ఏ ఆయుధానికైనా లైసెన్సు ఉండటం వేటకు అనుమతి కాదు.

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972కు 2022లో జరిగిన సవరణ ప్రకారం అడవి పంది రెండవ షెడ్యూలులో ఉన్నది. నిలిచి ఉన్న పంటలతో సహా ఆస్తికి ప్రమాదకరమైనప్పుడు, 11వ సెక్షను కింద ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడు లేదా ఆయన అధికారమిచ్చిన అధికారి కారణాలతో కూడిన లిఖిత ఉత్తర్వు ద్వారా వేటకు అనుమతించవచ్చును. అలా చంపిన జంతువు ప్రభుత్వ ఆస్తి. కేరళ ప్రభుత్వం 2022లో ఈ అనుమతి అధికారాన్ని స్థానిక సంస్థల అధ్యక్షులకు అప్పగించింది. దారి మూసుకొని లేదు. అయితే అది దరఖాస్తుతో మొదలై శిక్షణ గల లైసెన్సుదారుతో ముగిసే దారి.

అసలు ప్రమాదం

చట్టబద్ధమైన మార్గం ఆలస్యమైనచోట రైతు చేతికి అందేవి నాటు బాంబు, కరెంటు తీగ. 2020 మే నెలలో కేరళలోని పాలక్కాడ్ జిల్లాలో పేలుడు పదార్థం కూర్చిన పండును కొరికిన గర్భిణి ఏనుగు మరణించడం దేశమంతటికీ తెలిసినదే. 1990లో ఏర్పడిన కౌండిన్య అభయారణ్య పరిసరాల్లో ఏనుగులు విద్యుదాఘాతానికి బలి అయ్యాయి. పందికై పరచిన తీగ నీళ్లు కట్టడానికి వచ్చిన పక్క రైతును గుర్తించదు.

సౌర కంచెకు, ఈ తీగకు గల భేదాన్ని రైతుకు స్పష్టంగా వివరించాలి. సౌర కంచెలో విద్యుత్తు సెకనుకు సుమారు ఒకసారి, అతి స్వల్పకాలం మాత్రమే తాకి వదిలిపెడుతుంది. కరెంటు తీగలో అది నిరంతరం ప్రవహించి పట్టుకొన్న ప్రాణిని వదలదు.

చేయదగినవి

అఖిల భారత సకశేరుక చీడల యాజమాన్య నెట్‌వర్క్ పథకం కింద హైదరాబాదు కేంద్రంలో జరిగిన కృషి వలన ఆచరణీయమైన పద్ధతులు అందుబాటులోకి వచ్చాయి. వేరుశనగ చుట్టూ ముళ్లుండే కుసుమను, మొక్కజొన్న చుట్టూ ఆముదాన్ని నాలుగు వరుసలుగా వేయడం, పొలం సరిహద్దున చుట్టల ముళ్లతీగ పరచడం వీటిలో ముఖ్యమైనవి. సౌర కంచె వేసినచోట పంది దూరకుండా అడుగు తీగ నేలకు దగ్గరగా ఉండాలి. గడ్డి తగిలి శక్తి వృథా కాకుండా తీగ కింద శుభ్రం చేస్తూ ఉండాలి. ఏ ఒక్క పద్ధతికైనా పందులు అలవాటు పడతాయి కనుక రెండు మూడింటిని కలిపి, పక్క పక్క రైతులందరూ ఒకేసారి ఆచరించాలి. ఒక్క చేనుకే కంచె ఉంటే మంద పక్క చేనుకు మళ్లుతుంది.

విస్తరణ శాస్త్రవేత్త బాధ్యత తూటా గురించి అడిగిన రైతును మందలించి పంపడం కాదు. ఊడలు దిగకముందే గ్రామంలో సమావేశం ఏర్పాటు చేసి సరిహద్దు పంటను విత్తించడం, జరిగిన నష్టాన్ని తేదీ, సర్వే నంబరు, ఛాయాచిత్రాలతో నమోదు చేయించడం, ఆ వివరాలతో అటవీ శాఖకు దరఖాస్తు రాయడంలో తోడ్పడటం ఆయన చేయవలసిన పని. ఇవన్నీ జరిగిన తరువాత కూడా మంద ఆగకపోతే, లిఖిత అనుమతితో, దగ్గర దూరంలో, వెనుక మట్టి గట్టు చూసుకొని, అనుభవజ్ఞుడు తగిన బరువైన గుండుతో కాల్చడమే మిగిలిన మార్గం. అప్పుడు ఆయుధాన్ని ఎన్నుకొనవలసింది వేగాన్ని బట్టి కాదు. జంతువును, పొలాన్ని, చుట్టుపక్కల మనుషులను బట్టి.