అభిప్రాయాల పెట్టెలో దాగిన ఆజ్ఞ

సికింద్రాబాద్: మోండా మార్కెట్‌లో ఇత్తడి సామాను అమ్మే వ్యాపారి ఒకరు ఆర్డర్ల కోసం వెబ్‌సైట్ చేయించుకున్నారనుకుందాం. ఫొటోల కింద కొనుగోలుదారులు అభిప్రాయం రాసేందుకు చిన్న పెట్టె ఉంటుంది. 'బిందె బాగుంది' అని రాస్తే చిక్కు లేదు. అదే పెట్టెలో ఎవరైనా నాలుగు పంక్తుల జావాస్క్రిప్ట్ కోడ్ రాసి పంపితే, సైట్ దానిని యథాతథంగా పేజీలో ఉంచితే, ఆ తరువాత పేజీ తెరిచిన ప్రతివారి బ్రౌజర్‌లోనూ ఆ కోడ్ అమలవుతుంది. ఈ లోపాన్నే 'క్రాస్ సైట్ స్క్రిప్టింగ్' అంటారు.

యజమాని రాసిన చీటీ చూసి గుమాస్తా సరుకు కడతాడు. అపరిచితుడొకడు దుకాణం పేరున్న కాగితంపైనే 'గల్లాపెట్టె తాళం ఇతనికివ్వు' అని రాసి చీటీల కట్టలో దోపితే, చేతిరాత గుర్తుపట్టలేని గుమాస్తా ఇచ్చేస్తాడు. బ్రౌజర్ అటువంటి గుమాస్తాయే. సైట్ నుంచి వచ్చినదంతా యజమాని మాటే అనుకుంటుంది.

అసలు ముప్పు యజమాని ఆర్డర్లు చూసుకునే వేళ పొంచి ఉంటుంది. చిరునామా గడిలో దాచిన కోడ్ ఆయన లాగిన్‌పైనే పనిచేస్తుంది. ఖాతాదారుల ఫోన్ నంబర్లు బయటకు పోవచ్చు. చెల్లింపుల పేజీలోని క్యూఆర్ కోడ్ మారిపోయి సొమ్ము వేరొకరి ఖాతాకు చేరవచ్చు.

తెలుగు యువత ఒకప్పుడు విరివిగా వాడిన ఆర్కుట్‌కూ ఈ బెడద తప్పలేదు. 2010 సెప్టెంబర్ 25న, శనివారం, 'బోం సాబాదో' అనే సందేశం అందులో దావానలంలా పాకింది. పోర్చుగీసులో ఆ మాటకు 'శుభ శనివారం' అని అర్థం. సందేశాన్ని చూసినంత మాత్రాన ఖాతాదారు ప్రమేయం లేకుండానే అది మిత్రులందరికీ వెళ్లింది. బ్రెజిల్‌తో పాటు భారత్‌లోనూ కలకలం రేగింది. ఆర్కుట్ 2014లో మూతపడినా లోపం మాత్రం అంతరించలేదు.

సైట్ల నిర్మాణానికి వాడే ఫ్రేమ్‌వర్క్‌లు క్రమంగా జాగ్రత్తపడ్డాయి. 2008లో వెలువడిన జాంగో 1.0, 2010లో వచ్చిన రైల్స్ 3 బయటివారు రాసిన కోణపు గుర్తులను తమంతట తామే నిరపాయకరమైన అక్షరాలుగా మార్చే పద్ధతిని పాటించాయి. దాంతో కోడ్ కాస్తా ఉత్త రాతగా మిగులుతుంది. రియాక్ట్‌లో ఈ రక్షణను పక్కనపెట్టే సదుపాయం పేరులోనే 'ప్రమాదకరంగా' అన్న మాట చేర్చారు. అయినా దానిని వాడేవారికి కొదవ లేదు! పాత సరుకు మరో తలనొప్పి. 2020 ఏప్రిల్‌లో జేక్వెరీ 3.5.0 ఇటువంటి లోపాలనే సరిదిద్దింది. అంతకు ముందరి కూర్పులతో కట్టి వదిలేసిన సైట్లకు ఆ మరమ్మతు అందదు. యాంగ్యులర్ జేఎస్‌కు 2021 చివరితో మద్దతు నిలిచిపోయింది.

సైట్ చేయించుకునే వ్యాపారి ధరతో పాటు ఏ ఫ్రేమ్‌వర్క్, ఏ కూర్పు అని అడగాలి. ఏటా నవీకరించే బాధ్యత ఎవరిదో ఒప్పందంలో రాయించుకోవాలి. లాగిన్ కుకీని జావాస్క్రిప్ట్ చదవకుండా అమర్చమని కోరాలి. ఇతరుల సైట్‌లోకి ఇలా చొరబడితే సమాచార సాంకేతిక చట్టం 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, రూ.5 లక్షల వరకు జరిమానా పడవచ్చు. సొమ్ము పోయినవారు వెంటనే 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వవచ్చు.