గనిలో గాలి ‘బాగా’ ఆడాలంటే ఎంత ఆడాలి?

గోదావరిఖని, శ్రీరాంపూర్, జైపూర్ వైపు నుంచి హైదరాబాద్ అమీర్‌పేటకు వెళ్లి బిజినెస్ అనలిస్ట్ కోర్సులు చేసే పిల్లలున్నారు. మంచి రిక్వైర్‌మెంట్, అంటే కట్టబోయే వ్యవస్థ ఏం చేయాలో చెప్పే నియమం, ఎలా ఉండాలని అడిగితే స్పష్టంగా, సమగ్రంగా, సరిచూడటానికి వీలుగా ఉండాలని గడగడా అప్పజెబుతారు. ఆ మాటలకు నేను చూసినంతలో అతి గట్టి ఉదాహరణలు వాళ్ల నాన్నలు పనిచేసిన బొగ్గుబావుల చట్టాల్లోనే ఉన్నాయి.

అపోహ: చదివితే అర్థమైతే చాలు.

‘గనిలో గాలి బాగా ఆడాలి’ అంటే అర్థంకానిదెవరికి? ఆడుతోందో లేదో తేల్చాల్సి వచ్చినప్పుడే చిక్కు. పైన ఆఫీసులో ఉన్నవారికి సరిపోయిందనిపించిన గాలి, కింద ఫేస్‌లో బొగ్గు తీసే మనిషికి చాలకపోవచ్చు. 1957 నాటి బొగ్గు గనుల నిబంధనలు ‘బాగా’ అనే మాటను పక్కనపెట్టి లెక్క రాశాయి. ప్రతి వెంటిలేషన్ డిస్ట్రిక్ట్‌లో, అంటే గాలి విడిగా ఆడే గని భాగంలో, ఎక్కువమంది దిగే షిఫ్ట్‌ను బట్టి మనిషికి నిమిషానికి కనీసం 6 ఘనపు మీటర్ల గాలి అందాలి. లేదా రోజువారీ ఉత్పత్తిలో టన్నుకు నిమిషానికి 2.5 ఘనపు మీటర్లు అందాలి. రెండింటిలో ఏది ఎక్కువైతే అది. ఈ గాలి చివరి వెంటిలేషన్ కనెక్షన్ దాకా చేరాలి. ఆక్సిజన్ 19 శాతానికి తగ్గకూడదు. మండే వాయువు బయటికి వెళ్లే రిటర్న్ గాలిలో 0.75 శాతం, గనిలో మరే చోటైనా 1.25 శాతం దాటకూడదు.

ఇందులో ‘ఏది ఎక్కువైతే అది’ అన్న మాట విలువ చూడండి. ఒక డిస్ట్రిక్ట్‌లో 60 మంది దిగితే మనుషుల లెక్కన 360 ఘనపు మీటర్లు చాలు. అక్కడే రోజుకు 200 టన్నులు తీస్తుంటే టన్నుల లెక్కన 500 కావాలి. కాబట్టి 500 ఇచ్చి తీరాలి. యంత్రాలు వచ్చి మనుషులు తగ్గారు కదా అని గాలి కోసేయడానికి దారి లేదు. గాలి వేగం కొలిచే ఎనిమోమీటర్ పట్టుకుని ఇద్దరు వేర్వేరుగా కిందికి దిగినా ఒకే జవాబుతో పైకి రావాలి. ఏ రిక్వైర్‌మెంట్‌కైనా నేను పెట్టే మొదటి పరీక్ష ఇదే.

అపోహ: అడిగింది అడిగినట్టు రాసుకుంటే అదే రిక్వైర్‌మెంట్.

‘బయోమెట్రిక్ మెషిన్లు పెట్టించండి’ అని అడుగుతారు. అది పరిష్కారం. దాని వెనక ఉన్న అవసరాన్ని 1952 నాటి మైన్స్ యాక్ట్ 48వ సెక్షన్ ఎప్పుడో చెప్పింది: భూగర్భంలో పనిచేసేవారి రిజిస్టర్ తెరిస్తే, ఏ క్షణంలోనైనా ఆ సమయానికి కింద ఉన్న ప్రతి మనిషి పేరూ కనిపించాలి. ఏ మెషిన్‌తో అన్న ఊసే లేదు కాబట్టి కాగితపు మస్టర్‌కూ (హాజరు పట్టీకీ) ఈ వాక్యం సరిపోతుంది, వేలిముద్రకూ సరిపోతుంది. దిగేటప్పుడు మాత్రం వేలు పెట్టించి, ఎక్కేటప్పుడు వదిలేసే మెషిన్‌ను బిగించారనుకోండి. అడిగింది ఇచ్చినట్టే. కానీ పైకప్పు కూలిన రోజు రెస్క్యూ టీం చేతికి ఇవ్వాల్సిన జాబితా మాత్రం ఉండదు.

పేజీలు పెరిగితే పని పక్కా అన్న నమ్మకం కూడా ఉంది. కానీ ఎన్ని పేజీలు రాసినా, ఒకే వాక్యంలో నాలుగు నియమాలు కుక్కితే, మూడు నెరవేరి ఒకటి తప్పినప్పుడు పాసో ఫెయిలో ఎవరూ చెప్పలేరు. ఒక వాక్యానికి ఒకే నియమం చాలు.

అపోహ: అంకె వేసి సంతకాలు పెట్టిస్తే ఇక దాని జోలికి వెళ్లక్కర్లేదు.

జైపూర్ మండలంలోని సింగరేణి థర్మల్ విద్యుత్ కేంద్రంలో 600 మెగావాట్ల యూనిట్లు రెండూ 2016లోనే ఉత్పత్తిలోకి వచ్చాయి. 2015 డిసెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ ఇచ్చిన నిబంధనల్లో, 2003 నుంచి 2016 చివరి దాకా నెలకొల్పిన పెద్ద యూనిట్లకు ఘనపు మీటరు పొగలో సల్ఫర్ డయాక్సైడ్ పరిమితి 200 మిల్లీగ్రాములు. 2017 జనవరి 1 నుంచి వచ్చేవాటికి 100. ఏ సామర్థ్యానికి, ఏ తేదీకి అన్నది తీసేస్తే 200 అన్న అంకెకు విలువే లేదు. పైగా ఈ పరిమితిని అందుకోవడానికి మొదట రెండేళ్లు గడువిచ్చారు, తర్వాత పలుమార్లు పొడిగించారు, 2025లో కొన్ని కేటగిరీల కేంద్రాలకు ఆ పరిమితినే సడలించారు. ఆ పొగ పీల్చే ఊళ్ల వైపు నుంచి చూస్తే ఈ సడలింపులు నాకు నచ్చవు. అనలిస్ట్ మాత్రం ప్రతి నియమం పక్కన అది ఎందుకు పెట్టారో, ఎప్పుడు మారిందో రాసి ఉంచాల్సిందే.

అపోహ: పెద్ద ఆఫీసర్లను అడిగితే అన్నీ తెలుస్తాయి.

హాజరు సాఫ్ట్‌వేర్ సంగతే తీసుకుందాం. శనివారం నైట్ షిఫ్ట్‌కు దిగినవాళ్లు ఆదివారం పొద్దున ఎక్కుతారు. మస్టర్ ఏ తేదీ కింద పడాలి? ప్లే డే (వారపు సెలవు) లెక్క ఎవరికి వర్తిస్తుంది? పై కేటగిరీ పని చేసిన (యాక్టింగ్) రోజుకు ఏ జీతం కట్టాలి? కాన్ఫరెన్స్ హాల్లో ఈ ప్రశ్నలు రావు. మస్టర్ రాసే క్లర్కును నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ఆయన పక్కన కూర్చుని, రాత్రి 11 గంటలకు దిగి పొద్దున 7 గంటలకు ఎక్కిన ఒక కార్మికుడికి ఎంత పడాలో చేత్తో లెక్క కట్టించి, ఆ లెక్కను రిక్వైర్‌మెంట్ కిందే రాయాలి. ప్రోగ్రామర్ దాన్ని చూసే కోడ్ రాయాలి, టెస్టర్ దాంతోనే సరిచూడాలి.