పెరట్లో దాగిన గొట్టం

శ్రీకాకుళం జిల్లాలో టెక్కలి, పలాస దాటి సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం వైపు ప్రయాణం చేస్తే, సముద్రపు ఒడ్డు పొడుగునా ఒక పచ్చని సీమ కనిపిస్తుంది. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటల మధ్య పల్లెలు. అదే ఉద్దానం. 'ఉద్యానవనం' అన్న మాటే వాడుకలో ఉద్దానం అయిందని అంటారు.

ఆ తోటల నడుమ ఒక ఇంటి పెరట్లో నిలబడి చుట్టూ చూద్దాం. ఒక పక్క నుయ్యి గాని, బోరు గాని ఉంటుంది. ఇంకో పక్క మరుగుదొడ్డి, దానికి కొంత దూరంలో సెప్టిక్ ట్యాంకు. ఇవన్నీ కంటికి కనిపించేవి. కనిపించనిది ఒకటుంది. మరుగుదొడ్డి నుంచి ట్యాంకు దాకా నేలలోపల సాగే నాలుగంగుళాల గొట్టం!

పెద్ద నగరాల్లో ఇంటి మురుగు వీధి కింది పెద్ద గొట్టాల్లో కలిసి ఊరి బయటికి పోతుంది. పల్లెలో అలా కాదు. ఇంటి మురుగు ఇంటి పెరట్లోనే ఆగాలి. అందుచేత ఆ చిన్న గొట్టం చెడిపోతే, అది ఒక్క ఇంటి ఇబ్బందితో పోదు. ఆ నూతి నీళ్ళు తాగే వారందరికీ ముప్పే. ఎలాగంటారా? ముందు లండను నగరంలో జరిగిన ఒక సంగతి తెలుసుకోవాలి.

లండనులో ఒక నుయ్యి

1854వ సంవత్సరం. లండనులో బ్రాడ్ వీధి చుట్టుపక్కల కలరా చెలరేగింది. కొద్ది వారాల్లో 600 మందికి పైగా చనిపోయారు. కలరా చెడుగాలి వల్ల వస్తుందని ఆ రోజుల్లో చాలామంది డాక్టర్ల నమ్మకం. జాన్ స్నో అనే డాక్టరు మాత్రం చనిపోయినవారి ఇళ్ళను లెక్కించి, వారిలో ఎక్కువమంది బ్రాడ్ వీధి పంపు నీళ్ళు తాగినవారేనని చూపించాడు. సెప్టెంబరు 8న ఆ పంపు పిడి తీసేశారు.

ఇంతవరకు చాలా పుస్తకాల్లో ఉంటుంది. ఆ నూతిలోకి కలరా ఎలా చేరిందన్నది అంతగా తెలియని కథ. హెన్రీ వైట్‌హెడ్ అనే మతగురువు ఇంటింటికీ తిరిగి విచారించాడు. పంపు ఎదుట ఉన్న ఇంట్లోనే ఒక పసిపాపకు అందరికంటె ముందు విరేచనాలు పట్టుకున్నాయని తేలింది. పాప గుడ్డలు ఉతికిన నీళ్ళను తల్లి ఇంటి ముందున్న మురుగు గుంటలో పోసింది. 1855లో అక్కడ తవ్వి చూశారు. ఆ ఇంటి మురుగుకాలువకు వాలు చాలలేదు. అడుగున మడ్డి పేరుకుపోయింది. ఇటుకల నడుమ సున్నం రాలి, అతుకులు వదులైపోయాయి. ఆ గుంటకూ నూతికీ మధ్య దూరం 2 అడుగుల 8 అంగుళాలు మాత్రమే!

చూశారా? వాలు లేదు, అతుకులు వదులు, నుయ్యి దగ్గర. ఈ మూడు తప్పులూ ఒక్కచోట కలిశాయి. ఈ మూడు మాటలూ గుర్తుంచుకోండి. మళ్ళీ వీటితోనే పని.

ఇసుక నేల: మిత్రుడా, శత్రువా?

ఉద్దానంలో ఇసుక పాలు ఎక్కువగా ఉండే నేలలు విస్తారం. వాన పడితే నీరు నిలవదు, గబగబ ఇంకిపోతుంది. కొబ్బరికి, జీడిమామిడికి అది మేలు. గొట్టం నుంచి కారిన మురుగు కూడా అంతే వేగంగా ఇంకిపోతుంది. నల్లరేగడి నేలలో అయితే మురుగు పైకి ఉబికి, 'ఇక్కడ చెడిపోయింది' అని చెబుతుంది. ఇసుక నేల ఆ మాట చెప్పదు. మురుగును నిశ్శబ్దంగా కిందికి పంపేస్తుంది.

అయితే ఇసుక వడపోత కూడా చేస్తుంది కదా అని మీరు అడగవచ్చు. నిజమే. పొడిగా ఉన్న సన్నని ఇసుకలో చాలా సూక్ష్మజీవులు చిక్కుకుని చనిపోతాయి. బాక్టీరియా పొడవు సుమారు మిల్లీమీటరులో వెయ్యోవంతు. కామెర్లు తెచ్చే హెపటైటిస్-ఎ వైరస్ దానికంటె ఇంకా 30, 40 రెట్లు చిన్నది. అది ముతక ఇసుకలో సులువుగా జారిపోగలదు. పైగా వానాకాలంలో భూగర్భజలం పైకి వస్తుంది. పొడి ఇసుక పొర పలచనవుతుంది. వడపోతా తగ్గిపోతుంది.

అందుకే సెప్టిక్ ట్యాంకు నీరు ఇంకే గుంట తాగునీటి నూతికి 18 మీటర్ల కంటె దగ్గరగా ఉండరాదని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. పగిలిన గొట్టం ఏం చేస్తుందో ఆలోచించండి. నూతికి దగ్గరలో, ఎవరూ తవ్వని ఒక కొత్త ఇంకుడు గుంటను అదే తయారు చేస్తుంది!

ఉద్దానం అనగానే మూత్రపిండాల జబ్బు గుర్తుకొచ్చేవారు ఉన్నారు. దాని కారణాలపై శాస్త్రజ్ఞులు ఏళ్ళ తరబడి పరిశోధిస్తున్నారు. మురుగు కలిసిన నీటివల్ల వచ్చేవి వేరు: కలరా, టైఫాయిడ్, విరేచనాలు, కామెర్లు. ఈ రెంటినీ ఒకటిగా అనుకోకూడదు.

గొట్టం ఎందుకు చెడుతుంది?

గొట్టానికి బలహీనమైన చోటు అతుకు. పాతకాలపు స్టోన్‌వేర్ గొట్టం ఒక్కొక్కటి 60 సెంటీమీటర్లు ఉంటుంది. 8 మీటర్ల దూరానికి అలాంటివి 14 కావాలి. అంటే 13 అతుకులు. 3 మీటర్ల ప్లాస్టిక్ గొట్టాలైతే మూడు చాలు, అతుకులు రెండే. పి.వి.సి. గొట్టాలు వాడుకలోకి రావడానికి ఇదొక కారణం.

అతుకు దగ్గర సన్నని పగులు ఉంటే అక్కడి మట్టి తడిగా ఉంటుంది. తడి ఉన్న చోట వేరు చురుగ్గా పెరుగుతుంది. వెంట్రుకంత వేరు లోపలికి దూరితే చాలు, దానికి నీరూ ఎరువూ రెండూ దొరుకుతాయి! రావి, పనస వంటి ద్విదళబీజ వృక్షాల వేళ్ళు ఏటేటా లావెక్కి పగులును వెడల్పు చేస్తాయి. కొబ్బరి ఏకదళబీజ వృక్షం. దాని పీచు వేళ్ళు అలా లావెక్కవు. అవి జడలా అల్లుకుని గొట్టాన్ని మూసేస్తాయి.

తుపాను మరో శత్రువు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. లెక్కలేనన్ని కొబ్బరి, జీడిమామిడి చెట్లు కూలిపోయాయి. చెట్టు కూలినప్పుడు వేళ్ళతో పాటు చుట్టూ ఉన్న మట్టిగడ్డ కూడా పైకి లేస్తుంది. ఆ మట్టిలో గొట్టం ఉంటే అదీ కదులుతుంది. పైకి ఇల్లు చక్కగానే ఉంటుంది. లోపల అతుకు ఊడి ఉంటుంది.

సిమెంటు గొట్టాలకు ఇంకొక జబ్బు ఉంది. మురుగులోని బాక్టీరియా హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువును విడుదల చేస్తాయి. కుళ్ళిన కోడిగుడ్డు వాసన దీనిదే. ఈ వాయువు గొట్టం పైకప్పు తడికి అంటుకుంటే, అక్కడుండే మరోరకం బాక్టీరియా దాన్ని గంధకామ్లంగా మారుస్తాయి. ఆమ్లం సిమెంటును తినేస్తుంది. ఇది సూక్ష్మజీవుల పనేనని 1945లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు పార్కర్ కనుగొన్నాడు.

ఆనవాళ్ళు

నీళ్ళు పోస్తే నెమ్మదిగా దిగడం, గుడగుడ శబ్దం, పెరట్లో ఒకచోట నేల కుంగడం, ఒక చారగా మాత్రం గడ్డి ఏపుగా ఎదగడం: ఇవి అనుమానించవలసిన గుర్తులు. నేల ఎందుకు కుంగుతుంది? పగులు గుండా ఇసుక గొట్టంలోకి జారి కొట్టుకుపోతుంది. పైన డొల్ల మిగులుతుంది.

నూతి నీటికి వేరే పరీక్ష ఉంది. గ్వాలియర్‌లోని రక్షణ పరిశోధనాలయ శాస్త్రజ్ఞులు 1982లో ప్రకటించిన సులువైన పద్ధతి అది. మందు పట్టించిన కాగితం ఉన్న సీసాలో గీత దాకా నీరు పోసి, వెచ్చని చోట ఒకటి రెండు రోజులు ఉంచాలి. నీరు నల్లబడితే మలసంబంధమైన బాక్టీరియా ఉన్నట్టు అనుమానించాలి. సీసాలో నలుపు తెప్పించేది కూడా ఆ హైడ్రోజన్ సల్ఫైడే! నల్లబడిన నూతి నీటిని మరిగించకుండా తాగరాదు. గొట్టం బాగుచేసి, నూతిలో ఆరోగ్య కార్యకర్త చెప్పిన మోతాదులో బ్లీచింగ్ పొడి వేయించి, మళ్ళీ పరీక్షించాలి.

కొత్త గొట్టం వేసే పద్ధతి

అతుకులు చాలాచోట్ల చెడితే ముక్క మార్చడం కంటె మొత్తం మార్చడమే మేలు. మేస్త్రీ ముందుగా కరెంటు తీగ, మంచినీటి గొట్టం ఎటు పోతున్నాయో గుర్తిస్తాడు. తవ్వకం ట్యాంకు వైపు నుంచి, అంటే పల్లం నుంచి ఇంటివైపు సాగుతుంది. ఇసుక నేలలో కందకం గోడలు చెప్పకుండా కూలుతాయి. అందుచేత లోతు ఎక్కువైతే పలకలు ఆనించాలి. పిల్లలు అంచున నిలబడకూడదు.

ఇప్పుడు అసలు లెక్క. నాలుగంగుళాల గొట్టానికి వాలు 40కి 1 ఉండాలని పాత సూత్రం. అంటే 40 సెంటీమీటర్ల పొడవుకు 1 సెంటీమీటరు దిగాలి. 8 మీటర్లకు ఎంత? 800ను 40తో భాగించండి. 20 సెంటీమీటర్లు! మురుగు సెకనుకు కనీసం 60 సెంటీమీటర్ల వేగంతో పారితేనే గొట్టం తనను తాను కడుక్కుంటుంది. వాలు తగ్గితే బ్రాడ్ వీధి కాలువలా మడ్డి పేరుకుంటుంది.

ఈ 20 సెంటీమీటర్లు కొలవడానికి ఖరీదైన యంత్రం అక్కరలేదు. నీరు నింపిన పారదర్శకమైన రబ్బరు గొట్టం చాలు. దాని రెండు చివర్లలో నీరు ఎప్పుడూ ఒకే మట్టంలో నిలుస్తుంది. మేస్త్రీలు రోజూ వాడే భౌతికశాస్త్రం ఇది.

కందకం అడుగున రాళ్ళు ఏరి, ఇసుక పరచి, దానిపై గొట్టం పడుకోబెడతారు. గొట్టం వెడల్పు మూతి ఎగువ వైపు ఉండాలి. అప్పుడు నీరు అతుకు లోపలి నుంచే జారిపోతుంది. మలుపు చోట నిటారు మలుపు పనికిరాదు. ఏటవాలు మలుపు పెట్టి, అక్కడ మూత ఉన్న చిన్న తొట్టి కట్టాలి. పూడ్చే ముందు చివర మూసి నీరు నింపి చూడాలి. మట్టం తగ్గితే ఎక్కడో కారుతోందన్నమాట. అప్పుడే సరిచేయాలి. తర్వాత మట్టిని పొరలు పొరలుగా వేసి దిమ్మిస చేయాలి.

మంచినీటి గొట్టం పక్కన ఉంటే

హిరమండలం జలాశయం నుంచి ఉద్దానం పల్లెలకు నీరు తెచ్చే పథకం 2023 డిసెంబరులో ప్రారంభమైంది. నూతి నీళ్ళు మానేస్తే భయం లేదనుకోవద్దు. కుళాయి నీరు ఆగిన వేళ గొట్టంలో పీడనం తగ్గిపోతుంది. దానికి ఎక్కడైనా చిల్లి ఉంటే, స్ట్రాతో కొబ్బరినీళ్ళు పీల్చినట్టు చుట్టూ ఉన్న మురుగును లోపలికి పీలుస్తుంది. అందుకే మంచినీటి గొట్టం మురుగు గొట్టానికి 3 మీటర్ల ఎడంగా పోవాలి. తప్పక దాటవలసివస్తే పైనుంచి దాటాలి.

ఇది మాత్రం ప్రాణాంతకం

గొట్టం మార్చేటప్పుడు సెప్టిక్ ట్యాంకు మూత తీస్తారు. అందులోకి ఎవరూ దిగకూడదు. లోపల హైడ్రోజన్ సల్ఫైడ్, మీథేన్ ఉంటాయి, ప్రాణవాయువు చాలదు. హైడ్రోజన్ సల్ఫైడ్ మోతాదు మించితే ముక్కు వాసన పట్టడమే మానేస్తుంది. వాసన లేదు కదా అని దిగినవారు, వారిని లాగబోయి దిగినవారు ప్రాణాలు పోగొట్టుకున్నారు. రక్షణ సాధనాలు ఇవ్వకుండా సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దింపి శుభ్రం చేయించడం 2013 నాటి చట్టం ప్రకారం నేరం. ఆ పనికి పీల్చే యంత్రం ఉన్న బండిని పిలవాలి.

చేసి చూడండి

80 సెంటీమీటర్ల ప్లాస్టిక్ గొట్టాన్ని పొడవునా రెండుగా కోయించండి. ఒక సగాన్ని నేలపై సమంగా పెట్టి, ఎగువ చివర తడి రంపపు పొట్టు చిటికెడు వేయండి. చిన్న గ్లాసుతో నీరు పోయండి. పొట్టు ఎక్కడ ఆగింది? ఇప్పుడు ఒక చివరను 2 సెంటీమీటర్లు ఎత్తండి. వాలు ఎంతైంది? 40కి 1. మళ్ళీ అంతే పొట్టు, అంతే నీరు. తేడాను నోటుపుస్తకంలో రాసుకోండి.

ఆ తర్వాత ఒక టేపు తీసుకుని, మీ ఇంటి నూతికీ ఇంకుడు గుంటకూ మధ్య దూరం కొలవండి. గొట్టం ఎటునుంచి ఎటు పోతుందో పెద్దల్ని అడిగి, పెరటి పటం గీసి ఇంట్లో దాచండి. రేపు గొట్టం మార్చవలసి వచ్చినప్పుడు మేస్త్రీ అడిగే మొదటి ప్రశ్నకు జవాబు ఆ కాగితంలోనే ఉంటుంది.