ఇంగ్లీషు దేశంలో ఇంగ్లీషు పాఠం

ప్రధాన యాజకుని ఇంటి ముంగిట ఆ రాత్రి పేతురును పట్టి ఇచ్చింది అతని వేషం కాదు, అతని మాట. గలిలయ యాస దాగలేదు. మత్తయి సువార్త 26వ అధ్యాయం 73వ వచనంలో ఈ సంగతి చూస్తాం. మనిషి నోరు తెరిచిన మరుక్షణమే అతని ఊరేదో, స్థితి ఏదో ఎదుటివారు లెక్క కట్టేస్తారు.

మన పల్లె బిడ్డలకూ ఇదే అనుభవం. ఇంట్లో ఇంగ్లీషు మాట ఎరుగని పిల్లవాడు పట్నంలో ఇంటర్మీడియట్‌లో చేరతాడు. క్లాసులో లేచి ఒక్క ఇంగ్లీషు వాక్యం చెప్పాలంటే కాళ్లు వణుకుతాయి. ఒక మాట అటూ ఇటూ పలికితే వెనుక బెంచీల నుండి నవ్వు. లెక్కల్లో ముందుండే బిడ్డ కూడా ఆ నవ్వుకు కుంగిపోయి, తాను దేనికీ పనికిరానని తీర్మానించుకుంటాడు. తల్లిదండ్రులు కూడా, "మాకు చదువు లేదు, మా బిడ్డకేం వస్తుంది?" అని నిట్టూరుస్తారు.

మరి ఇంగ్లీషు పుట్టిన దేశంలో అదే వయసు పిల్లలు తమ భాషను ఎలా చదువుతారు? ఆ సంగతి తెలుసుకుంటే మనకు కొంత ధైర్యం, కొంత బుద్ధి కలుగుతాయి.

సిక్స్త్ ఫారం చదువు

"నేను ఫోర్తు ఫారం దాకా చదివాను" అని మన తాతలు చెప్పేవారు. మద్రాసు రాష్ట్రపు రోజుల్లో హైస్కూలు తరగతులను ఫారాలనేవారు. ఆ పేరు ఇంగ్లండు బడుల నుండి వచ్చిందే. అక్కడ 16 నుండి 18 ఏళ్ల వరకు చదివే చివరి రెండేళ్లను ఇప్పటికీ సిక్స్త్ ఫారం అంటారు. అంటే మన ఇంటర్ వయసే. ఆ చదువు చివర 'ఎ లెవెల్' పరీక్షలుంటాయి. విద్యార్థి సాధారణంగా మూడు సబ్జెక్టులు ఎంచుకుంటాడు.

అందులో ఇంగ్లీషు సాహిత్యం ఒక సబ్జెక్టు. ఇంగ్లీషు భాష వేరే సబ్జెక్టు. ఈ రెండో దానిలో కథలు, పద్యాలు ముఖ్యం కాదు. మనుషులు భాషను ఎలా వాడుతున్నారు, అది ఎలా మారింది, ఊరికొక తీరుగా ఎందుకు ఉంది, పసిపిల్లలకు ఎలా అబ్బుతుంది అనేవే పాఠాలు. అక్కడి పరీక్షా బోర్డుల్లో ఒకటైన ఎ.క్యు.ఎ. 2015లో ప్రారంభించిన పాఠ్యప్రణాళికలో రెండు పేపర్లున్నాయి. ఒక్కొక్కటి రెండున్నర గంటలు, 100 మార్కులు. మిగిలిన 20 శాతం విద్యార్థి స్వయంగా చేసే పనికి. అందులో ఒక భాగం పరిశోధన. ఇంట్లో, బజారులో, పత్రికలో దొరికిన మాటలను సేకరించి, పరిశీలించి, దాదాపు 2,000 మాటల్లో రాయాలి.

మారుతూ వచ్చిన భాష

ఇంగ్లీషు ఏనాడూ నిలకడగా లేదని ఆ పిల్లలు మొదట నేర్చుకుంటారు. ఇంగ్లండులో 1476లో మొదటి అచ్చుయంత్రం నెలకొల్పిన విలియం కాక్స్‌టన్ 1490లో ఒక సంగతి రాశాడు. కొందరు వర్తకులు థేమ్స్ నదిలో ఓడమీద బయలుదేరి, గాలి లేక ఆగిపోయారు. వారిలో ఒకడు దగ్గరలోని ఒక ఇల్లాలిని గుడ్లు అడిగాడు. అతడు 'ఎగ్స్' అన్నాడు. ఆమె, "నాకు ఫ్రెంచి రాదు" అంది. తనకూ ఫ్రెంచి రాదని అతనికి కోపం వచ్చింది. చివరకు మరొకడు 'ఐరెన్' అని అడిగితే ఆమెకు అర్థమయింది. ఇద్దరిదీ ఇంగ్లీషే! ప్రాంతాలు మాత్రం వేరు.

బైబిలు చదివేవారికి ఇది మరీ అవసరమైన సంగతి. 1611లో అచ్చయిన కింగ్ జేమ్స్ బైబిలును చూడండి. 1 థెస్సలొనీకయులకు 4:15లో 'ప్రివెంట్' అనే మాట ఉంది. ఈనాడు దాని అర్థం నివారించడం. ఆనాడు ముందుగా వెళ్లడం. ఫిలిప్పీయులకు 1:27లోని 'కాన్వర్సేషన్' సంభాషణ కాదు, నడవడి. అలాగే 'దౌ' అంటే నీవు. ఒకప్పుడు ఇంగ్లీషులోనూ మన నీవు, మీరు వంటి తేడా ఉండేది. క్రమంగా 'యు' ఒక్కటే నిలిచింది. కనుక ఆ బైబిలును భక్తితో చదవండి గాని, ఈనాటి ఇంగ్లీషు నేర్చుకోవడానికి సులభమైన కొత్త అనువాదం ఒకటి దగ్గర ఉంచుకోండి.

ఇంగ్లీషు అప్పు చేయని భాష కూడా లేదు. మన చేలల్లో తిరిగే పందికొక్కే ఇంగ్లీషులో 'బాండికూట్' అయింది. తరువాత ఆ పేరునే ఆస్ట్రేలియాలోని ఒక జంతువుకూ పెట్టారు. ఎవరి భాషను చూసి మనం భయపడుతున్నామో, ఆ భాష మన పొలంగట్టు మీది మాటను తీసుకోవడానికి సిగ్గుపడలేదు.

యాస తప్పా?

తెలంగాణలో 'వచ్చిండ్రు', రాయలసీమలో 'వచ్చినారు', కోస్తాలో 'వచ్చారు' అంటాం. ఏదీ తప్పు కాదు. ప్రతి దానికీ ఒక పద్ధతి ఉంది. ఇంగ్లండులోనూ యార్క్‌షైరు రైతు మాట వేరు, లండను బండివాడి మాట వేరు. బడిలో, కార్యాలయంలో రాసే ప్రామాణిక భాష వాటిలో ఒక తీరు మాత్రమేనని ఆ విద్యార్థులు చదువుతారు.

హోవర్డ్ గైల్స్ అనే పరిశోధకుడు 1970లలో బ్రిటనులో చేసిన పరీక్షలు అక్కడి పాఠాల్లో వస్తాయి. ఒకే మనిషి వేర్వేరు యాసల్లో మాట్లాడిన రికార్డులు వినిపించారు. విన్నవారు అవి వేర్వేరు మనుషుల మాటలనుకున్నారు. గొప్పింటి యాస విన్నప్పుడు తెలివిగలవాడన్నారు. అదే మనిషి మరో యాసలో మాట్లాడితే తక్కువ చేశారు. మనిషి మారలేదు, వినేవారి తూనికే మారింది. దొంగ త్రాసు దేవునికి అసహ్యమని సామెతలు 11:1లో చదువుతాం గదా!

ఈ తూనిక ఎంత దూరం పోతుందో న్యాయాధిపతులు 12వ అధ్యాయం చెబుతుంది. యొర్దాను రేవుల దగ్గర 'షిబ్బోలెతు' అనలేక 'సిబ్బోలెతు' అన్నవారిని చంపారు. ఒక్క అక్షరం పలకడంలో తేడా! మనం ప్రాణం తీయకపోవచ్చు. కాని నవ్వి ఒక బిడ్డ ఆశను చంపితే అది చిన్న పాపమా?

అయితే ఎలా రాసినా సరేనని వారు చెప్పరు. ఆ పరీక్షల్లో జవాబులు ప్రామాణిక ఇంగ్లీషులోనే క్రమంగా రాయాలి. చోటును బట్టి మాట ఉండాలన్నదే వారి పాఠం. ఉద్యోగ దరఖాస్తుకు ఒక భాష, అమ్మమ్మతో కబుర్లకు ఒక భాష. మన బిడ్డలు కూడా ప్రామాణిక ఇంగ్లీషును కష్టపడి నేర్వాలి. అందుకోసం తమ మాటను అసహ్యించుకోనక్కర లేదు.

పసిబిడ్డ నోట

అమెరికాలో జీన్ బెర్కో 1958లో ఒక పరిశోధన ప్రకటించింది. చిన్నపిల్లలకు పిట్టవంటి ఒక బొమ్మ చూపి, దానికి 'వగ్' అని లేని పేరు పెట్టింది. అలాంటివి రెండు చూపి ఏమంటారని అడిగితే చాలామంది పిల్లలు 'వగ్జ్' అన్నారు. ఎన్నడూ విననిమాటకు బహువచనం చేశారు! బిడ్డ చిలుకలా వల్లించడు, తనంతట సూత్రం పట్టుకుంటాడు. అందుకే ఇంగ్లీషు బిడ్డలు కూడా మొదట 'వెంట్' అనవలసినచోట 'గోడ్' అంటారు. ఆ తప్పు నేర్చుకుంటున్నందుకు గుర్తు. ఇంగ్లీషు తల్లి దానికి నవ్వుకొని ముద్దు పెట్టుకుంటుంది. మన బిడ్డ పదహారో ఏట అదే తప్పు చేస్తే మనం ఎందుకు ఎగతాళి చేయాలి?

మన ఇండ్లలో

తల్లిదండ్రులారా, మీకు ఇంగ్లీషు రాకపోయినా బిడ్డకు సాయపడగలరు. వచ్చీరాని ఇంగ్లీషు కోసం ఇంట్లో తెలుగు మానకండి. కుటుంబ ప్రార్థనలో తెలుగు వాక్యం చదివాక, అదే వచనాన్ని ఇంగ్లీషులో బిడ్డ చేత బిగ్గరగా చదివించండి. అర్థం ముందే తెలుసు గనుక భయం ఉండదు. రోజుకు ఒక్క వచనం చాలు.

విద్యార్థులారా, ఇంగ్లండు పిల్లలు చేసే పరిశోధన మీరూ చేయవచ్చు. సెలవుల్లో మీ నాయనమ్మ వాడే సేద్యపు మాటలు ఒక నోటుబుక్కులో రాయండి. ఎదురుగా ఇంగ్లీషులో అర్థం రాయండి. రెండు భాషలూ ఒకేసారి బలపడతాయి.

సంఘ పెద్దలారా, ఆదివారపు బడిలోను, యౌవనుల కూడికలోను ఇంగ్లీషు చదవడానికి నిలబడిన బిడ్డను చూసి ఎవరూ నవ్వకుండా చూడండి.

చివరిగా మళ్లీ పేతురు దగ్గరకు వద్దాం. యాస వల్ల పట్టుబడి, భయపడి, ప్రభువును ఎరుగనని బొంకినవాడు పెంతెకొస్తు దినాన లేచి నిలబడ్డాడు. మాట్లాడుతున్న వీరందరు గలిలయులు కారా అని జనం ఆశ్చర్యపడ్డారు. ప్రభువు ఆ యాసను తీసివేయలేదు, భయాన్ని తీసివేశాడు. ఆ దినాన ఇంచుమించు మూడు వేలమంది చేర్చబడ్డారు.

మీ బిడ్డ రేపు తరగతిలో లేచి నిలబడేటప్పుడు ఈ సంగతి అతనికి జ్ఞాపకం చేయండి.